సంతకం ఉన్న నవలలు, గోదావరి చెమ్మ: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: "ప్రతులు: 500" అని వేశారంటే అది లిమిటెడ్ ఎడిషనే.

కాదు. ముఖపత్రం (పుస్తకం పేరు వేసే లోపలి మొదటి పేజీ) వెనకాల "ప్రథమ ముద్రణ, ప్రతులు, వెల" అని వేయడం తెలుగు పుస్తకాల్లో మామూలు. ఆ విడత ఎన్ని అచ్చేశారో తప్ప అది ఇంకేమీ చెప్పదు. అవి చెల్లిపోతే అదే అట్టతో మళ్లీ వేస్తారు, వేయాలి కూడా. పరిమిత ప్రతి (లిమిటెడ్ ఎడిషన్) అంటే ప్రచురణకర్త ఇచ్చిన మాట: ఈ కాగితం, ఈ బైండింగుతో ఇన్నే, ఇక వేయం అని. ఆ మాట అచ్చులో ఉండాలి, దాని కింద 37/250 (అంటే 250లో 37వది) అన్నట్టు చేత్తో వేసిన నంబరు, రచయిత సంతకం ఉండాలి. నంబరు చోటు ఖాళీగా ఉంటే అది లెక్కలోకి రాని అదనపు ప్రతి కావచ్చు. కొనేముందే అడగండి.

వెల మీద కొత్త స్టిక్కరు ఉంటే పీకకండి. కింది అచ్చు దాంతోపాటే లేచొస్తుంది.

అపోహ: నంబరు ఎంత చిన్నదైతే విలువ అంత ఎక్కువ.

రాగిరేకు మీద చెక్కి తీసే చిత్రాలకు ఇది వర్తిస్తుంది, రేకు అరుగుతుంది కాబట్టి. నవలకు నంబరు అచ్చు పూర్తయ్యాకే పడుతుంది. 4కీ 204కీ పనితనంలో తేడా లేదు. ఒకే ముద్రణలో తరగతులు ఉన్నప్పుడు మాత్రం నంబరు చూడాలి. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ నవల 'యులిసెస్' 1922లో వెయ్యి ప్రతులు వేశారు. 1 నుంచి 100 దాకా చేత్తో తయారైన డచ్ కాగితం మీద, సంతకంతో. మిగతా 900కి నంబరుంది, సంతకం లేదు. అక్కడ 100కీ 101కీ మధ్య తేడా చాలా పెద్దది.

అపోహ: ప్రచురణకర్తే అమ్మితే సంతకం గురించి అనుమానం అక్కర్లేదు.

2022లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ తాను పాటల గురించి రాసిన పుస్తకాన్ని ప్రచురణకర్తే సంతకంతో 900 ప్రతులు, ఒక్కోటి 599 డాలర్లకు అమ్మారు. కొన్నవాళ్లు తమ ప్రతుల్లోని సంతకాల ఫొటోలు ఒకరికొకరు చూపించుకున్నాక ఆటోపెన్ యంత్రం గీసిన సంతకాలని తేలింది, డబ్బు వాపసు ఇచ్చారు. ఆ పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు: రెండు ప్రతుల సంతకాలను ఫోన్లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. మనిషి చేతి సంతకం రెండుసార్లు అచ్చు గుద్దినట్టు రాదు.

తర్వాత పది రెట్ల భూతద్దం. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. బాల్ పెన్ అయితే కాగితంలో సన్నటి గాడి కనిపిస్తుంది. ఇంకు పెన్ అయితే గీత ఆగినచోట సిరా చిక్కబడి, అంచులు కాగితం పీచులోకి కొద్దిగా పాకి ఉంటాయి. గీత నిండా చిన్న చిన్న చుక్కలుంటే అది అచ్చు.

అపోహ: "ఫలానావారికి ప్రేమతో" అని రాస్తే ప్రతి పాడైనట్టే.

పేరూ తేదీ ఉన్న నాలుగు మాటలు నకలు చేయడం ఉత్త సంతకం నకలు చేసినంత తేలిక కాదు. ఆ పేరు సాహిత్యంలో తెలిసినవారిదైతే విలువ పెరుగుతుంది కూడా.

అపోహ: ఇంకు పెన్ సంతకమే నిలుస్తుంది.

రాజమండ్రిలో 1932 నుంచి రత్నం పేరుతో ఇంకు పెన్నులు చేస్తున్నారు. ఇంకు పెన్ మీద మన ప్రేమ సహజమే. కానీ మామూలు ఇంకు ఎక్కువగా నీళ్లలో కరిగే రంగు. ఒక్క చుక్క పడినా పాకుతుంది. సంతకం అడిగేటప్పుడు నీళ్లకు చెదరని పిగ్మెంట్ ఇంకున్న 0.5 సన్నమొన పెన్ను మీరే ఇవ్వండి. ముఖపత్రం మీద పెట్టించుకుని, ఐదు నిమిషాలు తెరిచి ఉంచాకే మూయండి. నున్నగా మెరిసే ఆర్ట్ పేపరైతే ఇంకాస్త ఆగాలి.

అపోహ: పొలిథిన్ కవరులో చుట్టి, నాలుగు కలరా ఉండలు వేస్తే చాలు.

మనవైపు పుస్తకాలు ఎక్కువగా పాడయ్యేది ఇలాగే. ముసురు పట్టిన రోజుల్లో ఇక్కడి గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. 65 దాటితే చాలు, బూజుకు అనువు. ఆ గాలితో పాటే పుస్తకాన్ని కవరులో మూసేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. కలరా ఉండలు పురుగును దూరం పెడతాయేమో, బూజును ఆపలేవు. వేపాకు పచ్చిదైతే తానే చెమ్మ తెస్తుంది, మరకా చేస్తుంది.

బీరువాను బయటి గోడకు నాలుగంగుళాలు ఎడంగా పెట్టండి, కింది అర నేలకు ఆరంగుళాలు ఎత్తులో ఉండాలి. లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు పెట్టండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. విలువైన ప్రతులను ఎండగాసే రోజున, అవి పొడిగా ఉన్నప్పుడు, మూత బిగుతుగా పట్టే 30 లీటర్ల డబ్బాలో పెట్టి చెమ్మ పీల్చే సిలికా జెల్ నీలం గింజలు 200 గ్రాములు గుడ్డ సంచీలో వేయండి. ఆ గింజలు గులాబీ రంగుకు తిరిగితే ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర మళ్లీ నీలం వచ్చేదాకా వేడిచేసి వాడుకోవచ్చు. వంట ఓవెన్లో మాత్రం వద్దు, ఆ నీలం కోబాల్టుది, తిండికి తగిలితే హాని. డస్ట్ జాకెట్టుకు (అట్ట మీద తొడిగే కాగితానికి) లామినేషన్ చేయించొద్దు, అంటుకున్నది ఇక ఊడదు. పీవీసీ అట్ట కూడా వద్దు, కొన్నాళ్లకు సిరాను పీల్చి అతుక్కుంటుంది. పాలియెస్టర్ ఫిల్మ్ మంచిది.

అపోహ: తెల్ల గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు.

గుడ్డ గ్లౌజుతో వేలికి స్పర్శ పోయి పేజీ చిరుగుతుంది. సబ్బుతో కడిగి బాగా ఆరిన చేతులు చాలు.

అపోహ: తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టాలి.

ఎండకు అట్ట వంకర తిరుగుతుంది, ఆర్ట్ పేపరు పేజీలు ఒకదానికొకటి అతుక్కుని రాయవుతాయి. సంతకం పేజీని తుడవొద్దు, రుద్దొద్దు. కొద్దిగా తడిస్తే ఆ పేజీకి రెండువైపులా బ్లాటింగ్ పేపరు పెట్టి, గంటకోసారి మార్చి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరనివ్వండి. వరదనీళ్లలో బాగా నానితే 48 గంటల్లోపు, అంటే బూజు మొలవకముందే, బ్యాగులో పెట్టి డీప్ ఫ్రీజర్లోకి చేర్చండి. ఇంట్లో కరెంటు లేకపోతే, కరెంటున్న చోట ఐస్‌క్రీం అమ్మేవాళ్ల ఫ్రీజరైనా, చేపల ఐస్ ఫ్యాక్టరీ కోల్డ్ స్టోరేజైనా సరే. గడ్డకట్టాక తొందర లేదు, తర్వాత ఒక్కొక్కటే తీసి నిదానంగా ఆరబెట్టుకోవచ్చు.