పసిబిడ్డకు నొప్పి తెలియదన్న నమ్మకం ఎలా పుట్టింది, ఎలా పోయింది

1985లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో నెలలు నిండకుండా పుట్టిన ఓ బాబుకి గుండె దగ్గరి రక్తనాళం మూసే ఆపరేషన్ చేశారు. ఛాతీ కోసి, పక్కటెముకలు ఎడంచేసి చేసే ఆపరేషన్ అది. అంతసేపూ బాబు కదల్లేదు, ఏడవలేదు. కండరాలు కదలకుండా చేసే మందు ఇచ్చారు మరి. నొప్పి తెలియకుండా చేసే మందు మాత్రం ఇవ్వలేదు. కొన్ని వారాలకు బాబు చనిపోయాడు. తర్వాత ఆస్పత్రి రికార్డులు తెప్పించుకుని చదివాక గానీ తల్లికి ఈ సంగతి తెలియలేదు. అదేమిటని అడిగితే, అంత చిన్న పిల్లలకు నొప్పి తెలుస్తుందని ఎవరూ రుజువు చేయలేదన్న జవాబు వచ్చింది.

ఒక్క డాక్టరు నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటే. పసిపిల్లల ఆపరేషన్లు చాలాచోట్ల అలాగే జరిగేవి. దాని వెనక దాదాపు వందేళ్ల సిద్ధాంతం ఉంది.

19వ శతాబ్దం చివర్లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పాల్ ఫ్లెక్సిగ్ అనే మెదడు శాస్త్రవేత్త, నరాల చుట్టూ ఉండే మైలిన్ తొడుగు ఎప్పుడు ఏర్పడుతుందో పరిశీలించాడు. పుట్టేనాటికి మెదడులో చాలా భాగాలకు ఆ తొడుగు ఉండదు. తొడుగు లేకపోతే కబురు అందదని, కాబట్టి పసిబిడ్డకు నొప్పి తెలియదని తర్వాతివాళ్లు తేల్చేశారు. ఈ వాదనలో పెద్ద చిల్లు ఉంది. పెద్దవాళ్లలో కూడా నొప్పిని మోసే సన్నని సీ-రకం నరాలకు జీవితాంతం మైలిన్ ఉండదు! తొడుగు లేకపోతే కబురు మెల్లగా వెళ్తుంది, అంతే. పైగా బిడ్డ ఒంట్లో అది వెళ్లాల్సిన దూరం కూడా తక్కువే.

1911లో లండన్‌లో హెడ్, హోమ్స్ అనే ఇద్దరు వైద్యులు మెదడు దెబ్బతిన్న రోగులను పరీక్షించి, నొప్పి తెలిసే చోటు మెదడు లోపలున్న థాలమస్ అనీ, పైపొర అయిన కార్టెక్స్‌కు అందులో పెద్ద పాత్ర లేదనీ చెప్పారు. 1937లో మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ మెలకువగా ఉన్న రోగుల మెదడు మీద చిన్నపాటి కరెంటు పెట్టి స్పర్శ పటం గీశారు. నడినెత్తి నుంచి చెవి వైపు దిగే పట్టీ లాంటి భాగంలో కాలి నుంచి నాలుక దాకా ఒంటి భాగాలన్నీ వరసగా ఉన్నాయి. పెదవులకు, బొటనవేలికి బోలెడంత చోటు, వీపుకు కాస్తంతే. అదే సొమాటోసెన్సరీ కార్టెక్స్. అక్కడ కరెంటు పెడితే రోగులు తిమ్మిరి అన్నారు, ఎవరో తాకినట్టుంది అన్నారు, నొప్పి అని మాత్రం దాదాపు ఎవరూ అనలేదు. నొప్పి పని ఒక్కచోట జరగదని, ఈ భాగంతో పాటు మెదడులోని ఇన్సులా, సింగ్యులేట్ లాంటి ఇతర భాగాలూ కలిసి చేస్తాయని తర్వాత తెలిసింది.

1941లో అమెరికాలో మిర్టిల్ మెక్‌గ్రా శిశువులకు సూది గుచ్చి, వాళ్లు ఎలా స్పందిస్తారో రాసిపెట్టింది. నవజాత శిశువులు కాలు లాక్కున్నా, ఏడ్చినా అది కార్టెక్స్ ప్రమేయం పెద్దగా లేని ప్రతిచర్యేనని ఆమె భావించింది. కళ్లెదుట ఏడుస్తున్న బిడ్డ కన్నా సిద్ధాంతానికే విలువ ఎక్కువిచ్చారు. నన్నడిగితే అసలు తప్పు ఇక్కడే జరిగింది: నొప్పి ఉందని రుజువు చేసే భారం బిడ్డ మీద పెట్టారు, లేదని రుజువు చేయమని డాక్టర్లను ఎవరూ అడగలేదు.

భయం కూడా ఉందనుకోండి. చిన్న ప్రాణానికి మత్తు కాస్త ఎక్కువైతే ఊపిరి ఆగిపోవచ్చు.

ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ ఈ విషయాన్ని తిరగతోడాడు. ఆపరేషన్ థియేటర్ నుంచి తిరిగొచ్చిన పిల్లలు బాగా నీరసించి ఉండటం అతనికి అంతుబట్టలేదు. నెలలు నిండని 16 మంది పిల్లల్లో సగం మందికి అప్పటి మామూలు పద్ధతిలోనే తేలికపాటి మత్తిచ్చి, మిగతా సగానికి దానికి తోడు ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చి పోల్చారు. ఫెంటనిల్ అందని పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు విపరీతంగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ ఎక్కువయ్యాయి. 1987లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. పసిపిల్లలకూ మత్తు ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ అదే ఏడాది ప్రకటించింది.

హార్మోన్లు పెరిగినంత మాత్రాన మెదడుకు తెలిసినట్టేనా అన్న అనుమానం మాత్రం మిగిలింది. గర్భంలో 7, 8 వారాలకే నోటి చుట్టూ తాకితే పిండం కదులుతుంది. కానీ అది వెన్నుపాము, మెదడు కాండం స్థాయి పని. థాలమస్ నుంచి బయల్దేరిన నరాల తీగలు కార్టెక్స్ కింద సబ్‌ప్లేట్ అనే పొరలో కొన్ని వారాలు ఆగి, సుమారు 24 వారాల నుంచి లోపలికి వెళ్తాయి. పెన్‌ఫీల్డ్ గీసిన ఆ స్పర్శ పటం తాలూకు మెరుగులు బిడ్డే దిద్దుకుంటుంది. నెలలు నిండని శిశువు చేయో కాలో ఒక్కసారి విదిల్చగానే, ఆ అవయవానికి చెందిన కార్టెక్స్ భాగంలో విద్యుత్ అల లేస్తుందని ఫ్రాన్స్ పరిశోధకులు 2007లో చూపించారు.

ఎన్ఐసీయూలో, అంటే నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో, పిల్లల మడమ మీద గుచ్చి రక్తం తీయడం రోజూ జరిగేదే. లండన్ పరిశోధకులు దాన్నే వాడుకున్నారు. తల మీద సెన్సర్లు పెట్టి చూస్తే, (గర్భం నాటి నుంచి లెక్కేస్తే) 25 వారాల పిల్లల్లో కూడా గుచ్చిన కాలికి ఎదురువైపు సొమాటోసెన్సరీ కార్టెక్స్‌లో రక్తప్రసరణ మారింది. ఇది 2006 మాట. 2011లో అదే మడమ మీద ఒకసారి చిన్న రబ్బరు సుత్తితో తట్టి, ఇంకోసారి రక్తం కోసం గుచ్చి, మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ తీశారు. 35 వారాల లోపు పిల్లల్లో రెండింటికీ మెదడు ఒకేలా ఉలిక్కిపడింది. 35, 37 వారాల మధ్య తేడా మొదలైంది, స్పర్శకు ఒక తరంగం, నొప్పికి మరొకటి. అంటే మరీ ముందుగా పుట్టిన బిడ్డ మెదడుకు డైపర్ మార్చే చేయికీ సూదికీ తేడా సరిగ్గా తెలియకపోవచ్చు. నాకు వీటన్నిటిలో ఎక్కువ కలవరం కలిగించింది ఇదే. 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎంఆర్ఐ తీస్తే, సన్నని పుల్లతో పొడిచినప్పుడు పెద్దల మెదడులో స్పందించే 20 భాగాల్లో 18 వారం లోపు పిల్లల్లోనూ స్పందించాయి.

ఇప్పుడు గొడవ పంచదార నీళ్ల మీద. గుచ్చే ముందు నాలుక మీద రెండు చుక్కలు వేస్తే బిడ్డ నుదురు చిట్లించదు, కళ్లు బిగించదు, ఏడుపూ తగ్గుతుంది. చాలా ఎన్ఐసీయూల్లో వాడేది అదే. 2010లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో పంచదార అందిన పిల్లల ముఖం ప్రశాంతంగానే ఉంది, మెదడులోని నొప్పి తరంగం మాత్రం తగ్గలేదు. ఆ తరంగమే నొప్పి అని ఎలా చెప్తారని కొందరు ఎదురు ప్రశ్న వేస్తున్నారు. నర్సుల చేతిలో ఉన్న నొప్పి స్కోరు చార్టులో మాత్రం నుదురు, కళ్లు, ముక్కు పక్కన పడే ముడతలకు ఇప్పటికీ మార్కులు ఉన్నాయి.