తుపాకీ కొన్న సంగతి బ్యాంకుకెందుకు? అమెరికాలో యాభై ఏళ్ల తగువు

2022 సెప్టెంబరులో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఒక నాలుగంకెల నంబరును ఆమోదించింది. 5723. తుపాకులు, తూటాలు అమ్మే దుకాణాలకు ఇకమీదట అదే గుర్తు. చూడ్డానికి గుమాస్తా పనిలా కనిపించే ఈ నిర్ణయం మీద అమెరికా రాష్ట్రాలు రెండుగా చీలిపోయాయి. ఆ కోడ్ వాడి తీరాలని కాలిఫోర్నియా చట్టం చేసింది. వాడకూడదని టెక్సస్, ఫ్లోరిడా చట్టాలు చేశాయి. ఇంత గొడవ ఎందుకో అర్థం కావాలంటే తుపాకుల చరిత్రతో పాటు బ్యాంకు ఖాతాల చరిత్రను కూడా తవ్వాలి. నా దృష్టిలో అసలు చిక్కు ఆ రెండో దాంట్లోనే ఉంది.

ముందు కోడ్ సంగతి. కార్డు తీసుకునే ప్రతి దుకాణానికీ ఇలాంటి నంబరు ఒకటి ఉంటుంది. కిరాణా సూపర్‌మార్కెట్‌కు 5411, రెస్టారెంట్‌కు 5812, పెట్రోల్ బంకుకు 5541. రివార్డు పాయింట్లు లెక్కగట్టేది కూడా వీటిని బట్టే. తుపాకీ షాపులకు మాత్రం సొంత నంబరు ఉండేది కాదు. క్రీడా సామగ్రి దుకాణాల్లోనో, ఇతరత్రా పద్దులోనో కలిసిపోయేవి. వాటిని విడదీయాలని దరఖాస్తు పెట్టింది న్యూయార్క్‌లోని అమాల్గమేటెడ్ బ్యాంక్. 1923లో బట్టలు కుట్టే కార్మికుల సంఘం పెట్టుకున్న బ్యాంకు అది.

విడిగా నంబరుంటే అనుమానాస్పద కొనుగోళ్లను బ్యాంకులు ముందే పసిగట్టొచ్చన్న వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. 2016 జూన్‌లో ఓర్లాండోలోని పల్స్ నైట్‌క్లబ్‌లో 49 మందిని చంపినవాడు, అంతకు ముందు పన్నెండు రోజుల్లో కార్డుల మీద 26 వేల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాడు. కొత్తగా తీసుకున్న క్రెడిట్ కార్డులతోనే తుపాకులు, తూటాలు కొన్నాడు. తన ఖర్చు బ్యాంకు కంట్లో పడుతుందేమోనని ఇంటర్నెట్‌లో వెతికాడు కూడా. 2018 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఈ వివరాలు బయటపెట్టినప్పుడు చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: కార్డు పోయి ఎవరో షూస్ కొంటే నిమిషంలో ఫోన్ చేసే బ్యాంకు, దీన్ని ఎందుకు పసిగట్టలేదు? బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఈ ప్రశ్న అడిగితే దానికి తేలిగ్గా జవాబు చెప్పగలిగినవాళ్లు ఎవరూ ఉండరు. నేనూ చెప్పలేను.

అయితే ఆ కోడ్‌కు కనిపించేది ఎంత? దుకాణం రకం, మొత్తం సొమ్ము, సమయం. కొన్న వస్తువేమిటో కనిపించదు. తుపాకీ షాపులో రెండు వేల డాలర్లు పెట్టి పిల్లలకు అందకుండా తుపాకులు దాచే ఇనప్పెట్టె కొన్నా, రైఫిల్ కొన్నా బ్యాంకుకు ఒకేలా ఉంటుంది. తుపాకులూ అమ్మే పెద్ద క్రీడా సామగ్రి స్టోర్‌లో కొంటే ఈ కోడ్ పడకనే పోవచ్చు. అంటే హంతకుణ్ని పట్టించడంలో ఇది బలహీనం. మామూలు కొనుగోలుదారుల జాబితా తయారు చేయడంలో మాత్రం గట్టిది. భయం పుట్టింది ఇక్కడే.

ఎందుకంటే, అలాంటి జాబితా వద్దని అమెరికా కాంగ్రెస్ ఎప్పుడో తేల్చి చెప్పింది. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం లైసెన్సున్న డీలర్ ప్రతి అమ్మకాన్నీ రాసిపెట్టుకోవాలి. ఆ కాగితం ఉండేది డీలర్ దగ్గరే. ఈ రికార్డులను పోగుచేసి ఫెడరల్ ప్రభుత్వం తుపాకీ యజమానుల రిజిస్టర్ తయారు చేయకూడదని 1986లో మరో చట్టం వచ్చింది. 1993 నాటి బ్రేడీ చట్టంతో కొనేవాడి నేర చరిత్ర చూడటం మొదలైంది. ఆ తనిఖీలో పాసైనవాళ్ల వివరాలను 24 గంటల్లో చెరిపేయాలి. తుపాకుల మీద మన అభిప్రాయం ఏదైనా కావచ్చు, చట్టం ఉద్దేశం మాత్రం స్పష్టంగా ఉంది: నిబంధనల ప్రకారం కొన్న మనిషి పేరు సర్కారు దగ్గర జాబితాగా ఉండకూడదు. సర్కారు తన దగ్గర ఉంచుకోకూడని ఆ పేర్లు కార్డు రసీదు రూపంలో బ్యాంకు దగ్గర ఉంటాయి. మరి బ్యాంకు దగ్గరున్నది సర్కారు చేతికి వెళ్లకుండా అడ్డుపడేదేమిటి?

దాదాపు ఏమీ లేదు. అది ఎలా జరిగిందో చెప్పాలంటే 1970కి వెళ్లాలి.

ఆ ఏడాది వచ్చిన చట్టం పేరు బ్యాంక్ సీక్రసీ యాక్ట్. పేరులో గోప్యత ఉంది కానీ అది చేసిన పని తలుపులు తీయడం. స్విట్జర్లాండ్ లాంటి చోట్ల దాచుకునే రహస్య ఖాతాల్ని, పన్ను ఎగవేతల్ని పట్టుకోవడానికి తెచ్చారు. బ్యాంకులు చెక్కుల కాపీలు దాచిపెట్టాలి, పది వేల డాలర్లు దాటిన నగదు లావాదేవీల్ని ప్రభుత్వానికి చెప్పాలి. అప్పట్లో పది వేలంటే ఇప్పటి లెక్కలో 75 వేల డాలర్లకు పైమాటే. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా ఆ హద్దు అక్కడే ఉండిపోయింది. అప్పుడు పెద్ద వ్యాపారులకే తగిలే నిబంధన ఇప్పుడు పాత కారు అమ్ముకున్నవాడికీ తగులుతుంది.

ఈ చట్టం చెల్లదని బ్యాంకర్ల సంఘం 1974లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. అప్పుడు జస్టిస్ విలియం డగ్లస్ రాసిన భిన్నాభిప్రాయం ఇప్పుడు చదివినా కొత్తగా ఉంటుంది. మనిషి ఎవరో అతను రాసే చెక్కులే చెబుతాయన్నాడాయన. అతని డాక్టరు, లాయరు, అప్పులవాళ్లు, రాజకీయ మిత్రులు, మతం, చదివే పత్రికలు అన్నీ ఆ చెక్కుల్లో ఉంటాయి. కార్డులు ఇంకా ఇంటింటికీ రాని రోజుల్లో అన్న మాట అది.

రెండేళ్ల తర్వాత మిల్లర్ కేసు వచ్చింది. జార్జియా రాష్ట్రంలో 1972 డిసెంబరులో ఒక పోలీసు అధికారి ఒక వ్యాన్‌ను ఆపితే, సారా బట్టీ సామాను దొరికింది. నెల తిరక్కుండా ఒక గోడౌన్‌లో నిప్పంటుకుంది. ఆర్పడానికి వెళ్లినవాళ్లకు లోపల 7,500 గ్యాలన్ల బట్టీ, పన్ను కట్టని విస్కీ కనిపించాయి. దర్యాప్తు అధికారులు మిచ్ మిల్లర్ అనే వ్యక్తి ఖాతాలున్న రెండు బ్యాంకులకు గ్రాండ్ జ్యూరీ (నేరం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) పేరుతో సమన్లు పంపారు. బ్యాంకులు అతనికి ఒక్క మాట కూడా చెప్పకుండా రికార్డులు చూపించేశాయి. వ్యాను అద్దెకు, రేడియో పరికరాలకు, రేకులకు రాసిన చెక్కులు సాక్ష్యాలయ్యాయి.

నా కాగితాల్ని వారంటు లేకుండా ఎలా చూస్తారన్నది మిల్లర్ ప్రశ్న. అవి నీ కాగితాలు కావు, బ్యాంకువి అన్నది 1976లో సుప్రీంకోర్టు జవాబు. సమాచారాన్ని నీ ఇష్టంతో బ్యాంకుకు ఇచ్చావు, అది ప్రభుత్వానికి చేరే ప్రమాదాన్ని కూడా నువ్వే నెత్తినేసుకున్నావు అని ఏడుగురు జడ్జీలు తేల్చారు. బ్యాంకు ఖాతా లేకుండా జీతం తీసుకోలేని, ఇల్లు అద్దెకు దొరకని సమాజంలో ఇది ఇష్టంతో ఇవ్వడం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బ్రెనన్, మార్షల్ అనే ఇద్దరు జడ్జీలు దీన్ని ఒప్పుకోలేదు.

ఇక్కడ తెలుగు పాఠకులకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఇదే ప్రశ్న మన హైదరాబాద్ నుంచి భారత సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను సవరించింది. కలెక్టర్ రాతపూర్వకంగా పంపిన ఏ మనిషైనా బ్యాంకులోకి వెళ్లి, స్టాంపు డ్యూటీ సరిగా కట్టారో లేదో చూడటానికి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయొచ్చు, పట్టుకెళ్లొచ్చు. బ్యాంకులు కోర్టుకెక్కితే హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కూ కెనరా బ్యాంకుకూ మధ్య నడిచిన ఆ కేసులో 2004 నవంబరు 1న సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. తీర్పులో మిల్లర్ కేసును పేరుపెట్టి చర్చించి, ఆ దారి మాకొద్దంది. గోప్యత మనిషికి చెందింది, చోటుకు కాదు. కాగితం బ్యాంకు అరలోకి వెళ్లినంత మాత్రాన అందులోని రహస్యం మీద ఖాతాదారు హక్కు పోదు. 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన పుట్టస్వామి తీర్పు ఈ కేసును ఆధారంగా తీసుకుంది. మన దగ్గరా బ్యాంకులు అనుమానాస్పద లావాదేవీల్ని కేంద్రానికి నివేదిస్తాయి, పది లక్షలు దాటిన నగదు లెక్క చెబుతాయి. ఆచరణలో మనం గొప్పగా ఉన్నామని చెప్పలేను. కానీ సూత్రం దగ్గర మన కోర్టు నిలబడింది, అమెరికా కోర్టు నిలబడలేదు.

మిల్లర్ తీర్పు మీద అమెరికాలోనూ అసంతృప్తి వచ్చింది. 1978లో కాంగ్రెస్ ఆర్థిక గోప్యత హక్కు చట్టం చేసింది. ఫెడరల్ అధికారులు రికార్డులు అడిగితే ఖాతాదారుకు తెలియజేయాలంది. అయితే రాష్ట్రాల పోలీసులకు అది వర్తించదు, ఫెడరల్ అధికారులకూ మినహాయింపులు బోలెడు. తొంభైల్లో ఆ చిల్లులు ఇంకా పెద్దవయ్యాయి. 1990లో ఖజానా శాఖ కింద ఫిన్‌సెన్ అనే నిఘా విభాగం పుట్టింది. అనుమానం అనిపించిన లావాదేవీ మీద నివేదిక పంపడం బ్యాంకుల విధి అయింది. పంపినందుకు బ్యాంకు మీద దావా వేయడానికి వీల్లేదు. పంపామని ఖాతాదారుకు చెప్పడానికీ వీల్లేదు. 2001 దాడుల తర్వాత వచ్చిన పేట్రియట్ చట్టంతో, దర్యాప్తు సంస్థలు ఇచ్చిన పేర్లను దేశంలోని బ్యాంకులన్నిటి రికార్డుల్లో వెతికించే ఏర్పాటు కూడా జరిగింది.

ఇంతవరకూ ఈ కథలో తుపాకులు లేవు. అవి వచ్చింది ఒబామా కాలంలో. బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ఎఫ్‌డీఐసీ 2011లో ప్రమాదం ఎక్కువన్న వ్యాపారాల జాబితా ఒకటి ప్రచురించింది. మోసపు పథకాలు, అశ్లీల సాహిత్యం పక్కన తుపాకులు, తూటాలు కూడా ఉన్నాయి. 2013లో న్యాయశాఖ ఆపరేషన్ చోక్ పాయింట్ మొదలుపెట్టింది. దాని గురి ముఖ్యంగా అధిక వడ్డీ అప్పుల కంపెనీల మీద. కానీ తనిఖీ అధికారుల చేతిలో ఆ జాబితా చూశాక, తుపాకీ డీలర్ల ఖాతా ఎందుకొచ్చిన టెన్షన్ అని కొన్ని బ్యాంకులు అనుకున్నాయి. ఏ నేరమూ మోపకుండానే ఖాతాలు మూసేశారని డీలర్లు ఫిర్యాదు చేశారు. జాబితాను 2014లో వెనక్కి తీసుకున్నారు, ఆపరేషన్ 2017లో ముగిసింది. అనుమానం మాత్రం పోలేదు.

2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది చనిపోయారు. ఈసారి బ్యాంకులే కదిలాయి. 21 ఏళ్లలోపు వాళ్లకు తుపాకులు అమ్మడంపై పరిమితులు పెట్టుకుంటేనే ఆ దుకాణంతో వ్యాపారం చేస్తామని సిటీగ్రూప్ ప్రకటించింది. పౌరులకు మిలిటరీ తరహా తుపాకులు తయారు చేసేవాళ్లకు అప్పులివ్వబోమని బ్యాంక్ ఆఫ్ అమెరికా చెప్పింది. అదే ఏడాది న్యూయార్క్ ఆర్థిక సేవల అధికారి మరియా వుల్లో, తుపాకీ హక్కుల సంఘం ఎన్‌ఆర్‌ఏతో సంబంధాలు తెంచుకోవాలని బీమా కంపెనీల మీద, బ్యాంకుల మీద ఒత్తిడి తెచ్చారన్న కేసు మొదలైంది. ఆ ఆరోపణ నిజమైతే అది వాక్‌స్వేచ్ఛకు విరుద్ధమేనని 2024 మేలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారు. తీర్పు రాసింది ఉదారవాద జడ్జి సోనియా సోటోమేయర్. ఇది ఒక పక్షం గొడవ కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నిఘా సంగతి బట్టబయలైంది 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద జరిగిన దాడి తర్వాత. జనవరి 5 నుంచి 7 దాకా వాషింగ్టన్ ప్రాంతంలో కార్డు వాడిన తన ఖాతాదారుల జాబితాను బ్యాంక్ ఆఫ్ అమెరికా ఎఫ్‌బీఐకి ఇచ్చిందని, అంతకు ముందు ఎప్పుడైనా తుపాకీ కొన్నవాళ్ల పేర్లు అందులో పైన ఉన్నాయని ఎఫ్‌బీఐ మాజీ ఉద్యోగి ఒకరు ప్రతినిధుల సభ న్యాయ కమిటీకి సాక్ష్యం చెప్పారు. చట్టప్రకారమే నడుచుకున్నామని బ్యాంకు అంటోంది. కాల్పులకు తెగబడే అవకాశం ఉన్నవాళ్లను గుర్తించడానికి వేట, క్రీడా సామగ్రి అమ్మే కేబెలాస్, డిక్స్ లాంటి స్టోర్ల పేర్లు, చిన్న ఆయుధాలకున్న మరో కోడ్ వెతకమనే సామగ్రిని ఫిన్‌సెన్ బ్యాంకులకు పంచిందని 2024 జనవరిలో ఆ కమిటీ వెల్లడించింది. ఆ కమిటీ రిపబ్లికన్ల చేతిలో ఉంది, దాని రాజకీయం దానికుంది. అయినా ఆ రోజుల్లో ఆ నగరంలో హోటల్ బిల్లు కట్టిన ఒక మామూలు మనిషి, ఎప్పుడో వేట కోసం రైఫిల్ కొన్న పాపానికి అనుమానితుల్లో ముందు వరసకు రావడం ఎవరు చేసినా తప్పే. రేపు మరో ప్రభుత్వం ఇదే యంత్రాంగాన్ని గర్భస్రావం క్లినిక్కు కట్టిన డబ్బు మీదో, నిరసన సంఘానికిచ్చిన చందా మీదో తిప్పితే అప్పుడు అడ్డుపడటానికి చట్టంలో పట్టు దొరకదు.

5723 మీద పోరు ఈ నేపథ్యంలో వచ్చింది కాబట్టే అంత తీవ్రంగా నడిచింది. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ముందు ఒప్పుకుని, 2023 మార్చిలో ఆపేశాయి. ఆ తర్వాత పదికి పైగా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. కాలిఫోర్నియాలో 2025 మే 1 నాటికి తుపాకీ షాపులకు కోడ్ వేయాలన్న గడువు పడింది. కొలరాడో, న్యూయార్క్ కూడా ఆ దారిలోనే నడిచాయి. అంటే డాలస్‌లో గ్రీన్ కార్డు ఉండి తుపాకీ కొన్న తెలుగువాడి కొనుగోలు ఒక పద్దులో, శాన్‌హోసేలో కొన్న అతని తమ్ముడిది మరో పద్దులో పడతాయి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప అసలు కొనే హక్కే లేదు.

2025 జూన్‌లో సిటీగ్రూప్ తన తుపాకుల విధానాన్ని ఎత్తేసింది. ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్, రాజకీయ కారణాలతో ఖాతాలు మూయకూడదంటూ ఉత్తర్వు ఇచ్చారు. అందులో చోక్ పాయింట్ ప్రస్తావన కూడా ఉంది. ఇవి డీలర్ల ఖాతాలను కాపాడతాయేమో కానీ, కొనుగోలుదారు సమాచారం గురించి మిల్లర్ తీర్పు చెప్పింది చెప్పినట్టే ఉంది. 2018లో కార్పెంటర్ కేసులో మొబైల్ ఫోన్ లొకేషన్ వివరాలకు వారంటు ఉండాలన్న సుప్రీంకోర్టు, బ్యాంకు రికార్డుల జోలికి వెళ్లలేదు. 2023 ఆర్థిక సంవత్సరంలో ఫిన్‌సెన్‌కు చేరిన అనుమాన నివేదికలు దాదాపు 46 లక్షలు, నగదు నివేదికలు రెండు కోట్ల పైన. కోడ్ వద్దన్న రాష్ట్రాల చట్టాలు ఈ నివేదికల్లో ఒక్కదాన్నీ ఆపలేవు. ఆపాలంటే 1970 నాటి చట్టాన్నే కాంగ్రెస్ మార్చాలి, జడ్జి సంతకం లేకుండా ఖాతా వివరాలు కదలకూడదని అందులో రాయాలి.