మందుల చీటీ దాకా రాని బీమా

ఇంట్లో ఐదు లక్షల రూపాయల ఆరోగ్య కార్డు ఉండి కూడా బీపీకీ సుగరుకూ నెలనెలా వాడే మాత్రలు సొంత డబ్బుతోనే ఎందుకు కొనుక్కోవలసి వస్తోందని ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పట్టణాల తెలుగు కుటుంబాలు అడుగుతుంటాయి. ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే మన దేశంలో ఆరోగ్య బీమా ఏ దారిన పెరిగిందో చూడాలి.

మొదట వేసిన దారి వేరు. 1948 చట్టం ప్రకారం 1952 ఫిబ్రవరిలో కాన్పూర్, ఢిల్లీల్లో మొదలైన కార్మికుల బీమా ఈఎస్‌ఐలోనూ, 1954లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వచ్చిన సీజీహెచ్‌ఎస్‌లోనూ డాక్టరు చూడడంతో పాటు మందులివ్వడం కూడా భాగమే. అయితే అవి జీతగాళ్లకు ఉద్దేశించినవి కాబట్టి గంజాం రైతుకూ, గజపతి జిల్లా కూలీకీ, చిల్లర వ్యాపారికీ అందలేదు. 1986లో ప్రభుత్వ బీమా కంపెనీలు తెచ్చిన మెడిక్లెయిమ్ మరో దారి పట్టింది. కనీసం 24 గంటలు ఆస్పత్రిలో చేరితేనే ప్రధానంగా ఖర్చు ఇవ్వడం దాని పద్ధతి. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద ఖర్చును పదిమంది మీద పంచవచ్చు గానీ, ప్రతి నెలా తప్పకుండా వచ్చే చిన్న బిల్లులను పరిశీలించి చెల్లించడం గిట్టదని కంపెనీలు భావించాయి. వ్యాపారానికి ఆ లెక్క సరిపోవచ్చు. ప్రజల డబ్బుతో నడిచే పథకాలు కూడా అదే లెక్కను అరువు తెచ్చుకోవడం, నా దృష్టిలో, పెద్ద పొరపాటు. ఎందుకంటే బీపీ మాత్ర మానేసిన మనిషికి పక్షవాతమో కిడ్నీ జబ్బో వచ్చినప్పుడు ఆ ఆస్పత్రి బిల్లు చివరికి పథకం మీదే పడుతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆ జిల్లాలోని పాతపట్నానికి ఆనుకునే పర్లాకిమిడి ఉంది. కానీ 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అది అటు చేరినందున, అక్కడి తెలుగువారికి ఆంధ్ర రేషన్ కార్డుతో ముడిపడిన ఈ పథకం వర్తించలేదు. 2008లో కేంద్రం తెచ్చిన పేదల ఆరోగ్య బీమా ఆర్‌ఎస్‌బీవై కుటుంబానికి ఏడాదికి 30 వేల రూపాయల దాకా ఆస్పత్రి ఖర్చు ఇచ్చింది. 2018 ఆగస్టు 15న ఒడిశా ప్రారంభించిన బిజూ స్వాస్థ్య కల్యాణ యోజన ఆ పరిమితిని ఐదు లక్షలకూ, మహిళలకు మొదట ఏడు లక్షలకూ, తర్వాత పది లక్షలకూ పెంచింది. మొత్తం పెరుగుతూ వచ్చినా కార్డు ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సకే పరిమితమైంది.

చీటీ మందుల భారం ఏ కొంచెం తగ్గినా అది బీమాకు బయట జరిగిన పనుల వల్లనే. 1970 నుంచి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వులు ఉన్నాయి. 2013 నాటి ఉత్తర్వు అత్యవసర మందుల జాతీయ జాబితాలోని వాటికి గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2022 జాబితాలో 384 మందులున్నాయి. జాబితాలో లేని మందుకు కంపెనీ ఏడాదికి 10 శాతం దాకా ధర పెంచుకోవచ్చు. 2008లో తక్కువ ధరకు మందులమ్మే జన ఔషధి దుకాణాలు మొదలయ్యాయి. 2015లో ఒడిశా ప్రభుత్వం నిరామయ పథకం కింద సర్కారు ఆస్పత్రుల్లో మందులు ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. నెలవారీ రోగికి నిజంగా పనికొచ్చినది ఇదే. ఆస్పత్రి కౌంటర్లో రాసిన మందు లేకపోతే మాత్రం రోగి ఎదురుగా ఉన్న మందుల షాపుకు వెళ్లాలి. అక్కడ నెలకు రాసిన చీటీ చూపించి ఐదు రోజులకు చాలంటే, షాపతను కత్తెరతో స్ట్రిప్పు కోసి ఐదు మాత్రలే కవర్లో వేసిస్తాడు. మిగతావి కూలి డబ్బులు వచ్చాకే.

దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో ప్రజలు జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం కాగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ అమలులోకి రావడంతో విశాఖ వంటి చోట్ల ఆ పథకంలో ఉన్న ఆస్పత్రుల్లోనూ చికిత్సకు వీలు కలిగింది. ఆ పథకం ఆస్పత్రి నుంచి ఇంటికి పంపాక 15 రోజుల మందుల ఖర్చు భరిస్తుంది. ఆ తర్వాత జీవితాంతం వాడవలసిన మాత్రలకు రోగి మళ్లీ నిరామయ కౌంటరుకో, ఎదుటి షాపుకో వెళ్లవలసిందే.