పిట్టను తరమొద్దు, నీటిని చూడండి

చిరంజీవులు శ్రావ్యకు, కార్తీక్‌కు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీరు పంపిన బీచ్ ఫోటోలన్నీ చూశాను. కెరటాలు, ఆకాశం చక్కగా పడ్డాయి. పిట్టల ఫోటోల్లో మాత్రం ఎగిరిపోతున్న తోకలే కనిపిస్తున్నాయి. "ఎంత నెమ్మదిగా వెళ్లినా లేచిపోతున్నాయి, ఏం చెయ్యాలి అమ్మమ్మా?" అని కార్తీక్ అడిగాడు. అది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. సంక్రాంతి సెలవులకు కాకినాడ వచ్చేలోపు ఇద్దరూ చదవండి.

మీరు పిట్ట దగ్గరికి వెళ్లకూడదు. అదే మీ దగ్గరికి రావాలి. వస్తుంది కూడా, సముద్రమే దాన్ని తీసుకొస్తుంది. ఎలాగో చెబుతాను.

మన కాకినాడలో కుంభాభిషేకం అని పిలిచే చోట ఒడ్డున నిలబడి చూస్తే కనుచూపు మేర బురదే. గోదావరి పాయలు మోసుకొచ్చిన ఒండ్రు అది. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండడం వల్ల పెద్ద కెరటాలు లోపలికి రావు. నీళ్లు నిమ్మళంగా ఉండే చోట ఒండ్రు అడుగుకు దిగి పేరుకుంటుంది. చూడ్డానికి ఏమీ లేనట్టు ఉంటుంది గానీ, ఆ బురద లోపలంతా పురుగులు, గుల్లలు, చిన్న చిన్న పీతలు. సైబీరియా నుంచీ, హిమాలయాల అవతల నుంచీ ఏటా చలికాలానికి ఇన్ని పిట్టలు వచ్చి వాలేది ఆ తిండి కోసమే.

ఆ తిండి వాటికి రోజంతా దొరకదు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఆటుకు నీళ్లు వెనక్కి పోయినప్పుడు బురద బయటపడుతుంది, పిట్టలు నీటి అంచు వెంటే దూరంగా వెళ్లిపోతాయి. అప్పుడు మీకు కనిపించేవి చుక్కలే. ఆరు గంటల పైచిలుకు గడిచేసరికి మళ్లీ పోటు నిండుతుంది. నీరు ముందుకు వచ్చేకొద్దీ మేసే చోటు కుంచించుకుపోతుంది, పిట్టలు మేసుకుంటూ మేసుకుంటూ ఒడ్డువైపు జరుగుతాయి. కాబట్టి నిండు పోటుకు రెండు మూడు గంటల ముందే వెళ్లి, ఒడ్డున ఒక చోటు చూసుకుని కదలకుండా కూర్చోవాలి. ఈ రోజు పోటు వచ్చిన టైమ్‌కే రేపు రాదు, దాదాపు 50 నిమిషాలు ఆలస్యం అవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరీ ముందుకు వస్తుంది, మరీ వెనక్కి పోతుంది. ఆటుపోట్ల టైములు ఫోన్‌లో దొరుకుతాయి. అయినా కేలండర్‌లో తిథి చూసుకుని మీరే ఒకసారి లెక్క కట్టండి, బాగుంటుంది.

గుల్లలు ఏరేవాళ్లు ఆ బురదలోనే వంగి పని చేసుకుంటూ ఉంటారు. పిట్టలు వాళ్లకు ఓ పక్కగా మేస్తూనే ఉంటాయి. వాళ్లు పిట్ట వైపు సూటిగా నడవరు, దాన్ని గుచ్చి గుచ్చి చూడరు. మనం కెమెరా ఎత్తుకుని నేరుగా దాని మీదికే నడుస్తాం. అందుకే దానికి భయం. పిట్ట మేత మానేసి మెడ నిక్కించి మీ వైపు చూస్తోందంటే, మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశారని అర్థం. అక్కడే ఆగిపోయి కూర్చోండి. కాసేపటికి అది మళ్లీ తల దించి మేస్తే, ఇక మీరు దానికి పరాయివాళ్లు కానట్టే.

ఎగిరితే ఎగిరింది, మళ్లీ వాలుతుందిలే అనుకోకండి. నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. గాడ్విట్ అనే పొడుగు ముక్కు పిట్ట ఉంది, అది మన దేశపు తీరాలకూ వస్తుంది. 2022లో ఐదు నెలల గాడ్విట్ పిల్ల ఒకటి అలాస్కాలో బయల్దేరి ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో దిగింది. మొత్తం 13,560 కిలోమీటర్లు, 11 రోజులు. మధ్యలో ఎక్కడా వాలలేదు, తినలేదు. దాని వీపు మీద అమర్చిన చిన్న ట్రాన్స్‌మిటర్ వల్ల ఈ సంగతి తెలిసింది. అలాంటి ప్రయాణానికి ముందు ఈ పిట్టలు వారాల తరబడి తిని ఒళ్లంతా కొవ్వు పట్టిస్తాయి. గాడ్విట్లయితే బయల్దేరే ముందు తమ పేగులను, కాలేయాన్ని కూడా చిన్నవి చేసుకుంటాయి, బరువు తగ్గాలని. అంత పొదుపుగా బతికే ప్రాణి అది. మనం తరిమిన ప్రతిసారీ అది దాచుకున్న కొవ్వులో కొంత ఖర్చవుతుంది, మేసే టైమ్ కూడా పోతుంది. నిండు పోటప్పుడు అవి గుంపుగా, ఒంటి కాలి మీద, ముక్కు వీపు ఈకల్లో దూర్చి నిలబడతాయి. అది వాటి విశ్రాంతి టైమ్. అప్పుడు గుంపు మొత్తం లేచే ఫోటో కోసం ఎవరైనా చప్పట్లు కొడితే నాకు నిజంగా కోపం వస్తుంది.

మేత చూడడం మొదలుపెడితే కెమెరా సంగతే మర్చిపోతారు. ప్లోవర్లకు ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, చూసి పొడుస్తాయి. కంటితో వెతికే పిట్టలవి. శాండ్‌పైపర్లు వేరు. అవి ముక్కు బురదలో దించి తడుముకుంటూ పోతాయి. వాటి ముక్కు కొసలో ఒత్తిడిని పసిగట్టే నరాలు ఉంటాయి, పురుగు కంటికి కనపడకపోయినా ముక్కుకు తెలిసిపోతుంది. ముక్కు మొత్తం తెరవక్కర్లేకుండా కొస ఒక్కటీ పట్టకారులా విచ్చుకుని పురుగును పట్టుకుంటుంది. కర్లూ అని ఇంకొకటి, ముక్కు కిందికి కొడవలిలా వంగి ఉంటుంది. పీత బొరియలోకి ఆ ముక్కు దూర్చి, పీతను పైకి లాగి, అటూ ఇటూ విదిలించి కాళ్లు ఊడగొట్టి, అప్పుడు మింగుతుంది. ఒక్క కర్లూనే పట్టుకుని అరగంట చూడండి, ఇది మీ కంటబడవచ్చు.

కెరటాలు విరిగే ఇసుక బీచ్‌లో అయితే శాండర్లింగ్ కోసం చూడండి. తెల్లగా, గుప్పెడంత ఉంటుంది. కెరటం వెనక్కి పోతుంటే దాని వెంట పరుగు, కెరటం వస్తుంటే దానికి అందకుండా ఒడ్డువైపు పరుగు. అది వెళ్లాక తడి ఇసుకలో అడుగులు చూడండి. మూడు వేళ్ల గుర్తులే ఉంటాయి, వెనక వేలు ఉండదు.

ఇక ఫోటో. పొద్దున్నే వెళ్లమని అందరూ అంటారు. మన తూర్పు తీరంలో పొద్దున సముద్రం వైపు తిరిగితే సూర్యుడు మన ముఖం మీదే ఉంటాడు, పిట్ట నల్లటి నీడలా పడుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక పోటు వచ్చే రోజు చూసుకోండి. ఎండ మన వీపు వెనక ఉంటుంది, ఈకల గీతలు కూడా తెలుస్తాయి. నిలబడి కిందికి తీసిన ఫోటోలో వెనకంతా బురదే. ఇసుక మీద బోర్లా పడుకుని, మోచేతులు ఆన్చి, కెమెరాను పిట్ట కంటి ఎత్తుకు తెస్తే మనం దాని లోకంలోకి వెళ్లినట్టు ఉంటుంది. బట్టలు పాడవుతాయి, ఫరవాలేదు, మీ అమ్మకు నేను చెబుతాను. తడి బురద మెరుస్తుంటే కెమెరా మోసపోయి పిట్టను చీకటి చేస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ కొంచెం పెంచాలి. పరుగెత్తే పిట్టకు షటర్ వేగం సెకనులో వెయ్యో వంతైనా ఉండాలి. కెమెరా లేకపోతే నా బైనాక్యులర్‌కు ఫోన్ ఆన్చి కూడా తీయొచ్చు.

వేసవిలో ఇసుకలోనే గుడ్లు పెట్టే చిన్న ప్లోవర్లు కొన్ని ఉన్నాయి. గుడ్లు అచ్చం ఇసుక రంగులో ఉంటాయి. ఏదైనా పిట్ట రెక్క విరిగినట్టు ఈడుస్తూ మీ ముందు నడిస్తే, దగ్గర్లోనే గూడు ఉందని అర్థం. ఫోటో తీయకుండా వచ్చిన దారినే వెనక్కి రావాలి.

మన కాకినాడకు గ్రేట్ నాట్ అనే పిట్ట కూడా వస్తుంది. ప్రపంచం మొత్తంలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి అది. దక్షిణ కొరియాలో సేమాంగుమ్ అనే చోట 33 కిలోమీటర్ల గోడ కట్టి, 2006లో సముద్రాన్ని బురద నేలల నుంచి వేరుచేశారు. ప్రయాణం మధ్యలో అక్కడ ఆగి మేసే గ్రేట్ నాట్‌లు ఆ తర్వాత బాగా తగ్గిపోయాయి. బురదే కదా, పనికిరాని నేల అని ఎవరైనా మీతో అంటే ఈ సంగతి చెప్పండి.

జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో నీటి పక్షుల లెక్క తీస్తారు, 1987 నుంచి జరుగుతోంది. ఈసారి మీరిద్దరూ నాతో రండి. కొన్ని పిట్టల కాళ్లకు రంగు పట్టీలు, చిన్న జెండాల్లాంటివి ఉంటాయి. అవి కనిపిస్తే ఏ కాలికి ఉన్నాయో, పైది ఏ రంగో, కిందది ఏ రంగో వెంటనే రాసుకోవాలి. దాన్నిబట్టి ఆ పిట్టకు ఎక్కడ పట్టీ వేశారో కనుక్కోవచ్చు. శ్రావ్యా, ఇవన్నీ రాసుకునే పుస్తకం నీ దగ్గర ఉండాలి. టోపీ, మంచినీళ్లు, పాత బట్టలు తెచ్చుకోండి. బురదలోకి మాత్రం దిగొద్దు, మోకాళ్ల దాకా కూరుకుపోతారు. ఏ రోజు ఏ టైమ్‌కు పోటో చూసి, టికెట్లు బుక్ చేసే ముందే నాకు ఫోన్ చెయ్యండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ