నాట్లకు బిహార్ నుంచి వస్తారు, మనవాళ్లు దుబాయ్ పోతారు: ఎందుకు?

హన్మకొండ

ప్రియమైన మనవలకు, మనవరాలికి,

మొన్న ఫోన్లో మీరడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "నాయినమ్మా, మన ఊళ్లో నాట్లు వేయడానికి బిహార్ నుంచి మనుషులు వస్తున్నారు. మన ఊరి అన్నలేమో దుబాయ్ పోతున్నారు. ఇక్కడ పని ఉంటే వాళ్లెందుకు పోవాలి?" అని అడిగారు. బడిలో సోషల్ చెప్పిన రోజుల్లో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కష్టపడితే పైకొస్తారని మీకు అందరూ చెప్తారు. కష్టపడాల్సిందే, కాదనను. కానీ కూలి ఎంత అనేది కష్టాన్ని బట్టి తేలదు. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు పనిచేస్తుంటాయి. ఎండాకాలంలో వాళ్లు పడే కష్టం ముందు మన కష్టమెంత? అయినా వాళ్ల చేతికొచ్చేది తక్కువే. ఇంటి దగ్గరే అడ్వాన్స్ తీసుకొని వస్తారు కాబట్టి, అది తీరేదాకా మధ్యలో వదిలి పోలేరు. "ఈ రేటుకు నేను చేయను" అనలేని మనిషి ఎంతిస్తే అంత తీసుకోవాల్సిందే. ఒకప్పుడు మన ఊళ్లలో జీతగాళ్ల పరిస్థితీ ఇదే. పెళ్లికో రోగానికో దొర దగ్గర అప్పు తెచ్చి, అది తీరక ఏళ్లకేళ్లు అక్కడే పనిచేసేవాళ్లు. వెట్టిని రద్దు చేస్తూ 1976లో దేశమంతటికీ చట్టం వచ్చింది గానీ, అడ్వాన్స్ రూపంలో అది ఇంకా అక్కడక్కడ బతికే ఉంది.

కాబట్టి కూలి ఎంత అని తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది ఒకటే: వద్దనడానికి ఆ మనిషికి ఇంకో దారి ఉందా, లేదా.

మన ఊళ్లోనే చూడండి. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాల్వకు నీళ్లు వదలగానే అందరికీ ఒకేసారి కూలీలు కావాలి. అప్పుడు నాట్ల ముఠాను నడిపే ఆమె ఎకరానికి ఇంత అని గుత్త చెప్తుంది, రైతు బతిమాలుకుంటాడు. నాట్లు అయిపోగానే లెక్క తిరగబడుతుంది. అదే ఆమె కలుపు తీయడానికి ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తుంది. ఆమె నేర్పు తగ్గిందా? లేదు, ఆమెను పిలిచే ఇళ్లు తగ్గాయి. ఇక తెలంగాణ రాష్ట్రం వచ్చాక వరి సాగు బాగా పెరిగింది. ఆ కొద్ది వారాల్లో కావలసినంత మంది ఇక్కడ దొరకడం లేదు. బిహార్, బెంగాల్ ముఠాలు వచ్చేది ఆ లోటులోకే. వాళ్ల మీద కోపం పెట్టుకోకండి. తమ ఊళ్లో దొరికేదానికంటే ఇక్కడ ఎక్కువ వస్తుందనే వాళ్లు వస్తున్నారు, మనవాళ్లు దుబాయ్ పోయినట్టే. రైతునూ తిట్టుకోకండి. పంట అమ్మేటప్పుడు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ధర చెప్పేది అతను కాదు.

నాట్ల కూలి ఎంత పెరిగినా అది కొన్ని వారాల పనే. ఇల్లు కట్టాలన్నా, చెల్లె పెళ్లి చేయాలన్నా పన్నెండు నెలల సంపాదన కావాలి. మీ ప్రశ్నకు సగం జవాబు ఇదే. మిగతా సగం కోసం కొంచెం దూరం వెళ్లాలి.

వెస్టిండీస్‌లో సెయింట్ లూసియా అనే చిన్న దీవిలో పుట్టిన ఆర్థర్ లూయిస్ 1954లో ఒక వ్యాసం రాశారు. 1979లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన చెప్పిందేమిటంటే, పల్లెల్లో అవసరానికి మించి జనం సాగు మీద ఆధారపడి ఉన్నంతకాలం, పట్నంలో ఫ్యాక్టరీలు ఎంత లాభం చూసినా కూలి పెద్దగా పెరగదు. గేటు బయట అదే కూలికి ఇంకొకరు సిద్ధంగా ఉంటారు. ఆ మిగులు జనానికి పని దొరికాకే కూలి పెరుగుతుంది. దక్షిణ కొరియా, ఆ తర్వాత చైనా దాదాపు ఆ దారిలోనే నడిచాయి. మన దేశంలో పనిచేసే ప్రతి 100 మందిలో సుమారు 45 మంది ఇప్పటికీ సాగు మీదే ఉన్నారు. దేశం మొత్తం సంపాదనలో సాగు వాటా మాత్రం ఐదో వంతుకు అటూ ఇటూ. అంత మంది కలిసి అంత తక్కువ పంచుకుంటున్నారన్నమాట. హైదరాబాద్‌లో ఐటీ ఎంత పెరిగినా, పదో తరగతి ఆపేసిన పిల్లవాడికి అక్కడ దొరికేది సెక్యూరిటీ గార్డు పనో, డెలివరీ పనో.

అలాంటి పిల్లలకు కావలసింది ఫ్యాక్టరీలు. మన వరంగల్‌కు ఒకటి ఉండేది. నిజాం కాలంలో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు. పత్తి పండే చోటే నూలు, బట్ట తయారయ్యేవి. అందులో పని దొరకని వాళ్లకు కూడా అది ఆసరాగా ఉండేది. బట్టల షాపులో పనిచేసే కుర్రవాడు జీతం మాట్లాడుకునేటప్పుడు "మిల్లుకు పోతా" అనగలిగేవాడు. ఆ మిల్లు 2002లో మూతపడింది. కార్మికులకు ఎంతో కొంత డబ్బు చేతికి వచ్చింది గానీ, వాళ్ల పిల్లలకు ఆ ఉద్యోగాలు లేవు. చేనేత దెబ్బతిని అప్పటికే సూరత్, భివండి చేరిన మన నేత కుటుంబాలకు తిరిగి రావడానికి ఇక్కడ ఆధారం లేకుండా పోయింది. ఆ మిల్లు పోవడం మన ఊరికి తగిలిన పెద్ద దెబ్బ అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

గల్ఫ్ సంగతికి వస్తాను. అక్కడ జీతం ఎక్కువే, కానీ వద్దనే స్వేచ్ఛ తక్కువ. వీసా కఫీల్ (పనికి పిలిపించుకున్న యజమాని) చేతిలో ఉంటుంది, చాలాకాలం అతని అనుమతి లేకుండా ఇంకో చోట చేరడానికి వీల్లేకుండా ఉండేది. 2011లో యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం) ఈ కట్టును కొంచెం వదులు చేసింది: కాంట్రాక్టు అయిపోయాక పాత యజమానిని అడగకుండానే వేరే చోట చేరొచ్చంది. ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే, అప్పటికే అక్కడున్న వలస కార్మికుల సంపాదన పెరిగిందని తేలింది. పని మారలేదు, ఎండా మారలేదు. అయితే కొత్తగా వెళ్లేవాళ్లకు గిరాకీ, జీతం కొంత తగ్గాయి. ఏ మార్పూ అందరికీ ఒకేలా మేలు చేయదు, ఇదీ మీకు తెలియాలి.

మన దగ్గరి లెక్క ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది, పల్లెల్లో ఒక్కో కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, ఆడా మగా ఒకటే రేటు అని అందులో రాశారు. 2006లో మొదటి విడతలోనే ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఉన్నాయి. డబ్బు సరిగ్గా అందేలా తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రతో కూలి డబ్బు తీసుకునే స్మార్ట్ కార్డులు తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు కార్డులు ముందు వచ్చిన మండలాలనూ, రాని మండలాలనూ పోల్చి చూశారు. కార్డులు వచ్చిన చోట పేద కుటుంబాల సంపాదన పెరిగింది. పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం ఉపాధి హామీ డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చింది. చెరువు పూడిక తీసే పని ఊళ్లో ఖాయంగా ఉంటే, బయట పని ఇచ్చేవాళ్లు కూడా రేటు పెంచాల్సి వచ్చింది. కూలి పెరిగితే పనులు తగ్గిపోతాయని భయపెట్టేవాళ్లు ఉంటారు. ఇక్కడ పనులు తగ్గలేదు.

బీడీల గురించి కూడా చెప్పాలి. కోరుట్ల, మెట్‌పల్లి, నిజామాబాద్ వైపు ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. వెయ్యికి ఇంత అని లెక్క. బాగాలేవని కొన్ని పక్కన పడేస్తారు, వాటికి డబ్బు రాదు. అయినా ఎందుకు చుడతారంటే, చంటిపిల్లను వదిలి, వంట వదిలి దూరం పోలేరు కాబట్టి. చదువు ఉన్నా బస్సు లేకపోతే, రాత్రి షిఫ్టు తర్వాత భద్రంగా ఇల్లు చేరలేకపోతే, ఆ చదువుకు రేటు పలకదు.

గీసుగొండ, సంగెం దగ్గర కాకతీయ టెక్స్‌టైల్ పార్కుకు 2017లో పునాది వేశారు. కొన్ని కంపెనీలు వచ్చాయి. దాని గురించి పేపర్లో వార్త వస్తే ఎన్ని వేల ఉద్యోగాలు అని మాత్రమే చూడకండి. ఉద్యోగం కంపెనీదా, కాంట్రాక్టర్‌దా, పీఎఫ్ కడుతున్నారా, ఊళ్ల నుంచి ఆడపిల్లలకు బస్సు ఉందా, పిల్లలను చూసుకునే గది ఉందా అని వెతకండి. దసరాకు వచ్చినప్పుడు మనం ఒకరోజు అక్కడికి వెళ్దాం. షిఫ్టు వదిలే టైముకు బయటికొచ్చే వాళ్లను మీరే అడుగుదురు గాని.

మీ నాయినమ్మ