సూది లేకుండా నడుం లేస్తదా?

జూలై చివర్లో నర్సంపేట వైపు నాట్లు జోరందుకున్నాయంటే, సాయంత్రం ఆరున్నర ఏడు మధ్య ఊళ్లో ఒకచోట జనం తప్పకుండా కనిపిస్తారు. ఆర్ఎంపీ డాక్టరు అరుగు మీద. పిక్కల మీద ఇంకా బురద చారలు, నడుంలో దోపుకున్న కుచ్చిళ్లు దోపుకున్నట్టే, నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లు. ఎవరికీ జ్వరం లేదు, జబ్బు లేదు. పొద్దున ఎనిమిది నుంచి వంగి ఉన్న నడుం మాత్రం లేవనంటోంది. "ఒక సూది వెయ్యి సారూ, రేపు మళ్ల నాటుకు పోవాలె." సూది పడుతుంది. కాగితం పొట్లంలో మూడు రంగుల గోలీలు చేతికొస్తాయి. ఆనాటి కూలిలో కొంత అక్కడే ఆగిపోతుంది.

ఆ అరుగు మీద మా అమ్మా చాలా ఏళ్లు కూర్చుంది. అందుకని సూదిని వెక్కిరించే ధైర్యం నాకు లేదు. అది పనిచేస్తుంది. అందరికీ తెలిసిన డైక్లోఫెనాక్‌నే తీసుకుందాం. కండరమో కీలో దెబ్బతింటే అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను వదులుతాయి. అవి చుట్టుపక్కల నరాలను ఉసిగొల్పుతాయి. అప్పుడిక మామూలు రోజుల్లో పట్టించుకోని చిన్న ఒత్తిడికి కూడా నరం గగ్గోలు పెడుతుంది. డైక్లోఫెనాక్ ఆ రసాయనాల తయారీకే అడ్డుపడుతుంది, నొప్పి దిగుతుంది. చిక్కేమిటంటే ప్రోస్టాగ్లాండిన్లకు ఒంట్లో వేరే కొలువులూ ఉన్నాయి. కడుపు లోపలి పొరను యాసిడ్ తినేయకుండా కాపాడేది అవే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు, కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళం ముడుచుకోకుండా చూసేదీ అవే.

ఇప్పుడు నాటు మడిలోని ఆడమనిషిని చూడండి. పొద్దంతా నీళ్లలోనే నిలబడుతుంది, తాగేది మాత్రం చెంబెడు. పొలం దగ్గర మరుగు ఉండదు, ఒంటికి పోవాల్సి వస్తుందని నోరు కట్టుకుంటుంది. మే నెలలో ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర లారీకి బస్తాలెత్తే హమాలీ అయితే తాగిన నీళ్లన్నీ చెమటగా కార్చేస్తాడు. ఇద్దరి కిడ్నీలూ అప్పటికే తక్కువ రక్తంతో నెట్టుకొస్తుంటాయి. సరిగ్గా ఆ సమయంలో సూది పడి, ఉన్న కాస్త ఆసరానూ తీసేస్తుంది. ఏడాదికోసారి అయితే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ సాధారణంగా తట్టుకుంటుంది. బీపీ, షుగరు ఉన్న యాభై ఏళ్ల మనిషికి సీజనంతా రోజు విడిచి రోజు పడితే తట్టుకోకపోవచ్చు.

ఇదే మందు రాబందులను ఏం చేసిందో గుర్తుందా? నొప్పులకని పశువులకు డైక్లోఫెనాక్ వేసేవాళ్లు. ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడై రాలిపోయేది. సంగతి 2004లో తేలింది, 2006లో మన దేశం పశువులకు ఆ మందును నిషేధించింది. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద కనిపించిన రాబందులు ఆ దెబ్బ నుంచి మిగిలిన జాతివే. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు. అయినా పక్షులకు తెచ్చిన రక్షణలో సగమైనా కూలీలకు తెచ్చామా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

సరే, సూది వద్దంటే మరేం చేయాలి? ముందు నొప్పి దారి ఎలాంటిదో చూద్దాం.

పిల్లాడు కిందపడి మోకాలు గీరుకుంటాడు. తల్లి పరిగెత్తుకొచ్చి "ఏం కాలే, ఏం కాలే" అంటూ అక్కడ చేత్తో రుద్దుతుంది. ఏడుపు తగ్గుతుంది. ఇందులో ప్రేమ ఉంది, నరాల లెక్క కూడా ఉంది. మొండి నొప్పిని మోసే సన్నటి నరాల్లో వార్త సెకనుకు ఒకటి రెండు మీటర్లకు మించి నడవదు. స్పర్శను మోసే లావు నరాల్లో 35 నుంచి 75 మీటర్లు పరిగెడుతుంది. రెండూ వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. స్పర్శ వార్త ముందు చేరి, అక్కడి చిన్న నరకణాలను లేపి, వెనకొచ్చే నొప్పి వార్తకు తలుపు ఓరగా మూయిస్తుంది. రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ 1965లో ఈ 'గేటు' సిద్ధాంతం చెప్పారు. వివరాల్లో తర్వాత చాలా దిద్దుబాట్లు జరిగాయి కానీ అసలు సంగతి నిలబడింది. నొప్పి వార్త ఉన్నదున్నట్టు మెదడుకు చేరదు, దారిలోనే దాని గొంతు తగ్గించవచ్చు, పెంచవచ్చు. రాత్రి కోడలు కాళ్లు పిసుకుతున్నా, మనవడు వీపు మీద ఎక్కి తొక్కుతున్నా జరిగేది ఇదే.

మెదడు నుంచి కిందికి కూడా ఒక దారి ఉంది. 1978లో అమెరికాలో పన్ను పీకించుకున్నవాళ్లకు మందు లేని ఉత్త సూది వేస్తే కొందరికి నొప్పి తగ్గింది. ఆ తర్వాత, నల్లమందు జాతి మందులకు విరుగుడైన నాలోక్సోన్ ఇస్తే ఆ తగ్గిన నొప్పి మళ్లీ పైకొచ్చింది. అంటే నమ్మకం కలిగినప్పుడు ఒళ్లు తన సొంత నల్లమందును, ఎండార్ఫిన్లను, విడుదల చేస్తోందన్నమాట. మా అమ్మకు డాక్టరు నాడి పట్టి "పో, పొద్దుటికి లేచి తిరుగుతవ్" అనగానే సగం తగ్గేది. ఆ సగం తక్కువదేమీ కాదు, నిజం నొప్పి నిజంగానే తగ్గింది. ఆ పనికి సూదే ఉండాలా అన్నది వేరే ప్రశ్న.

కాపడం సంగతికొద్దాం. దొడ్డుప్పు పెనం మీద చిటపటలాడేదాకా వేయించి, పాత ధోవతి ముక్కలో మూటగట్టి నడుం మీద అద్దడం మనకు కొత్త కాదు. వేడికి నరాలు ఊరట వార్త పంపుతాయి, బిగిసిన కండరం వదులవుతుంది, రక్తం ఆడుతుంది. కొత్తగా పట్టేసిన నడుముకు ముందు ఇలాంటి వేడి, మర్దన ప్రయత్నించి, మందు మాట తర్వాత ఆలోచించమని 2017లో అమెరికా వైద్యుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్) తన మార్గదర్శకాల్లో రాసింది. బాలింతలకు కాచే వావిలాకు నీళ్లయినా, ఉత్త వేడినీళ్లయినా నరానికి ముందు అందేది వేడే.

ఒక అపోహ మాత్రం వదలాలి. చుర్రుమంటేనే పనిచేస్తుందని మూటను అదిమి పట్టేవాళ్లున్నారు. సుమారు 43 డిగ్రీలు దాటితే నరంలో మరో తలుపు తెరుచుకుని 'కాలుతోంది' అని అరుస్తుంది. మిర్చిలోని కారం తట్టేదీ సరిగ్గా ఆ తలుపునే. అందుకే మిర్చి ఏరిన చేతులు రాత్రంతా నిప్పుల్లో పెట్టినట్టుంటాయి. 1997లో దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో మరొకరితో కలిపి నోబెల్ ఇచ్చారు. కాపడం ఆ గీత కిందే ఉండాలి. మూటను ముందు మీ మోచేతి లోపలివైపు ఆనించి చూడండి. షుగరు వల్ల తిమ్మిరెక్కిన పాదాలకైతే కాపడమే వద్దు. కాలుతున్న సంగతి వాళ్లకు తెలియదు, పొద్దున లేచేసరికి బొబ్బలుంటాయి.

ఇదంతా సాయంత్రం వైద్యం. నొప్పి పుట్టేది పొద్దున, మడిలో. పూర్తిగా వంగినప్పుడు వీపు కండరాలు పని మానేస్తాయి, బరువంతా వెన్నెముక వెనక ఎముకలను కట్టి ఉంచే పట్టీల (లిగమెంట్ల) మీద పడుతుంది. అలా ఇరవై నిమిషాలు వేలాడితే పట్టీలు కొంచెం సాగుతాయి, లేచాక వెంటనే బిగుసుకోవు. ఆ వదులు నడుంతో దిగ్గున లేచి తడి నారు మోపు ఎత్తితే 'కళుక్కు' మంటుంది. నాటు కూలీలు లేవగానే రెండు చేతులూ నడుం మీద పెట్టి వెనక్కి వంగుతారు చూశారా, అది చాలా తెలివైన పని. న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు 1956లో, ఒక రోగి పొరపాటున తల వైపు ఎత్తి ఉన్న బల్ల మీద బోర్లా పడుకుని నొప్పి తగ్గించుకోవడం చూసి, ఈ వెనక్కి వంగడం మీదే ఒక పద్ధతి కట్టాడు. మనవాళ్లు ఏ బల్లా లేకుండానే చేస్తున్నారు.

కాకపోతే గుత్త పని దాన్ని చెయ్యనివ్వదు. ఎకరానికింత అని మాట్లాడుకున్నాక నడుం ఎత్తినామె వరుసలో వెనకబడుతుంది, పక్కామె చూపు పడుతుంది. అందుకే విడివిడిగా "మధ్యమధ్యలో లేవండమ్మా" అని చెబితే ఫలితం ఉండదు. మునుం, అంటే ఒక విడత వరుస, అయిపోగానే అందరూ ఒక్కసారే లేవాలి, ఐదారుసార్లు వెనక్కి వంగాలి, నాలుగు గుక్కల నీళ్లు తాగాలి, మోపు ఆ తర్వాతే ఎత్తాలి. రోజుకు 20 మునుములు, ఒక్కోదానికి అర నిమిషం అనుకున్నా మొత్తం 10 నిమిషాలు. ముఠా పెద్ద ఒప్పుకుంటే అయ్యే పనే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో లెక్క వేరు. అక్కడ బరువే శత్రువు. వెన్నెముకకు కండరాలు 5 సెంటీమీటర్ల దూరం నుంచే లాగుతాయి. 40 కిలోల బస్తాను ఒంటికి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, దాన్ని తూచడానికి ఆ కండరాలు 8 రెట్లు, అంటే 320 కిలోల బరువంత లాగాలి. 20 సెంటీమీటర్లకు దగ్గరికి తెచ్చుకుంటే అది 160. బస్తా అదే, కూలి అదే, జానెడు దూరం తగ్గిందంతే. 1999లో జర్మనీలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఒక వ్యక్తి వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులోనే ఒత్తిడి కొలిచే సన్నటి పరికరం పెట్టి చూశారు. 20 కిలోలను గుండెకు ఆనించినప్పటి కంటే 60 సెంటీమీటర్లు ముందుకు చాచినప్పుడు ఒత్తిడి సుమారు 1.1 నుంచి 1.8 మెగాపాస్కల్స్‌కు పెరిగింది. పాత హమాలీలు ఇద్దరు ఎత్తి మూడోవాడి వీపు మీదికి చేర్చడంలో ఈ భౌతికశాస్త్రమంతా ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు ప్రకారం మగవాళ్లు మోయాల్సిన గరిష్ఠ బరువు 55 కిలోలు. పని చోట భద్రత మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్కలో అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేత్తో ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదు. 50 కిలోల బియ్యం బస్తాను 25 చేస్తే ఏ ఫిజియోథెరపీ చేయలేని మేలు జరుగుతుంది. కానీ ఆ నిర్ణయం హమాలీ చేతిలో లేదు.

పట్నం పోతే దొరికే వైద్యం గురించి కూడా ఒక మాట. ఫిజియోథెరపీ అంటే మనవాళ్ల దృష్టిలో 'కరెంటు పెట్టించుకోవడం', తర్వాత ఒక బెల్టు కొనడం. దీర్ఘకాలిక నడుం నొప్పికి ఆ కరెంటునూ, బెల్టునూ, బరువులు కట్టి లాగడాన్నీ మామూలు వైద్యంగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. వ్యాయామం, నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడం మేలంది. ఇక స్కానింగు తీసి 'గుజ్జు అరిగింది' అనేస్తారు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగులు తీసిన అధ్యయనాలను 2015లో కలిపి చూస్తే, ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. తల నెరిసినట్టే అదీ. ఆ ఒక్క మాట విని భయపడి మంచం పట్టినవాళ్లు నాకు తెలుసు. మంచం నడుముకు మంచిది కాదు. 1995లో హెల్సింకీ నగర ఉద్యోగుల్లో రెండు రోజులు పడుకున్నవాళ్ల కంటే ఓపినంత మేరకు మామూలు పనులు చేసుకున్నవాళ్లు త్వరగా కోలుకున్నారు. అయితే హెల్సింకీ ఉద్యోగి మామూలు పనీ మన హమాలీ మామూలు పనీ ఒకటి కాదు. ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఏమంటే, నడక ఆపొద్దు, ఇంటి పనులు ఆపొద్దు, బస్తాకు మాత్రం నాలుగు రోజులు దూరం.

కొన్ని నొప్పులకు కాపడం, రుద్దుడు పనికిరావు. కాలు పట్టు తప్పినా, మర్మస్థానం చుట్టూ స్పర్శ పోయినా, ఒంటికి రెంటికి అదుపు తప్పినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి చేర్చాలి. చెట్టు మీదినుంచి, లారీ మీదినుంచి పడ్డాక వచ్చిన నొప్పీ అంతే. సాయంత్రమయ్యేసరికి సన్నటి జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, పడుకున్నా వదలని వెన్నునొప్పి ఉంటే అది వెన్నెముక టీబీ కావచ్చు. దానికి మందు ఉంది, ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. నెలల తరబడి వాడాలి.