ఆత్మ గురించి అపోహలు - వాస్తవాలు: కర్మల ఇళ్లలో నేను వినే మాటలు

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం చుట్టుపక్కల తెలుగిళ్లలో ఎవరైనా కాలం చేస్తే, కర్మల రోజుల్లో గీత చదివి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలుస్తుంటారు. అక్కడ పదేపదే వినపడే కొన్ని నమ్మకాల గురించి రాయాలనిపించింది.

అపోహ: కవులైనా తత్త్వవేత్తలైనా ఆత్మ గురించి చెప్పింది ఒకటే.

వాస్తవం: ఒకటే కాదు. ఈ విషయంలో వాళ్లు గట్టిగా విభేదించారు. మా వైపు రథయాత్ర చూడని పిల్లలుండరు కాబట్టి నేను రథంతోనే మొదలుపెడతాను. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన లెక్క ఇది: శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి. ఆత్మ ఆ రథంలో కూర్చున్న రథికుడు. ప్లేటో కూడా రథాన్నే చెప్పాడు గానీ అందులో విడిగా కూర్చున్నవాడెవరూ లేడు. సారథి, ఒక మంచి గుర్రం, ఒక మొండి గుర్రం, ఈ మూడూ కలిసే ఆత్మ. అంటే పెనుగులాట ఆత్మలోనే ఉంది. ఇక బౌద్ధ భిక్షువు నాగసేనుడు గ్రీకు రాజు మిళిందుణ్ణి నిలదీస్తాడు. రథమెక్కి వచ్చావు కదా, ఇరుసు రథమా? చక్రాలా? కాడా? ఏదీ కాదు. అన్నీ కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం. నాగసేనుడన్నదీ అలాంటి పేరే, వెతికితే లోపల వేరే మనిషి దొరకడు.

"మా నాన్న ఇప్పుడెక్కడున్నాడు మాస్టారూ?" అని ఒక కొడుకు అడిగితే ఉపనిషత్తు ఇచ్చే జవాబు వేరు. నాగసేనుడైతే ఆ ప్రశ్న అడిగే తీరే మార్చుకోమంటాడు. అన్నీ ఒకటేనని కలిపేస్తే అంత కష్టపడి ఆలోచించిన వాళ్లందరికీ అన్యాయం చేసినట్టే.

అపోహ: ఆత్మ బరువు 21 గ్రాములని సైన్స్ తేల్చింది.

వాస్తవం: తేల్చలేదు. 1907లో అమెరికా వైద్యుడు డంకన్ మెక్‌డూగల్, చనిపోతున్న ఆరుగురిని మంచంతో సహా తూచి ఆ ఫలితాలు ప్రచురించాడు. ఆ అంకె వాళ్లలో ఒక్కరి దగ్గర వచ్చింది. ఇద్దరి లెక్కలు ఆయనే పక్కన పెట్టేశాడు. వాట్సాప్‌లో వచ్చే ఈ ముక్కను దయచేసి దుఃఖంలో ఉన్నవాళ్లకు పంపకండి.

అపోహ: ఆత్మకు చావు లేదు కాబట్టి ఏడవకూడదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. గీతలో శోకించవద్దన్న మాట యుద్ధభూమిలో విల్లు వదిలేసిన అర్జునుడికి చెప్పింది. భర్త పోయిన ఆవిడకు చెప్పింది కాదు. ఆమె నోరు మూయించడానికి ఆ శ్లోకం వాడితే నేను ఊరుకోను. సోక్రటీసు చివరి రోజంతా ఆత్మ అమరమని వాదించాడు. ఆయన విషం తాగగానే అంతసేపూ విన్న శిష్యులే భోరుమన్నారు. ఆయన మందలించాడు, నిజమే. కానీ ఆ శిష్యుల్లో ఒకడైన ఫీడో, తాను ఆయన కోసం కాదు, అలాంటి స్నేహితుణ్ణి పోగొట్టుకున్న తన దురదృష్టానికి ఏడ్చానని చెప్పుకున్నాడు. ఆత్మ అమరమైనా పోగొట్టుకున్నవాళ్ల నష్టం నష్టమే కదా.

అపోహ: ఆత్మచింతన అంటే ఎవరి ముక్తి వారు చూసుకోవడం.

వాస్తవం: ఒడిశా నేలమీద ఉంటూ ఈ మాట అనడానికి నోరెలా వస్తుందో! 1895లో కన్నుమూసిన భీమ భోయి, మహిమా ధర్మం అనే ఒడిశా భక్తి మార్గానికి చెందిన కవి, ప్రాణుల దుఃఖం చూసి ఎవరు సహించగలరని అడిగి, "మో జీబన పఛే నర్కె పడిథాఉ, జగత ఉద్ధార హేఉ" అన్నాడు. నా జీవితం నరకంలో పడినా పడనీ, లోకం బాగుపడాలి అని. మన ఇళ్లలో ఒడియా కోడళ్లు, అల్లుళ్లు ఉన్నారు. గీత అయ్యాక ఈ పాదం వాళ్లచేత చదివించి, తెలుగులో అర్థం నేను చెబుతాను. పిలిచేవాళ్లు ముందే చెబితే, ఇంట్లో ఒడియా చదివేవాళ్లకు ఆ పద్యం మొత్తం రాసి పంపుతాను.